ఖరీదు, రాయితీ, రశీదు: విద్యార్థుల ఆన్‌లైన్ కొనుగోళ్లు - ఒక పరిశీలన

'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అన్నది మన పల్లెలలో తరతరాలుగా వినవచ్చే సామెత. బెల్లానికి, చింతపండుకు, పట్టుగూళ్లకు పేరుపొందిన హిందూపురం మార్కెట్టును ఎరిగినవారికి దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. పండించినవాడు అమ్మబోయినపుడు పలకని ధర, వాడే కొనబోయినపుడు చేయి కాల్చుతుంది. ఈ కష్టం నుండి కొంతైనా తప్పించుకొనుటకు మన పెద్దలు అలవరచుకొన్న విద్య బేరం. నాలుగు అంగళ్లు తిరుగుట, సరకును చేతితో తడిమి చూచుట, అంగడివాని మాట తీరును బట్టి చివరి ధరను ఊహించుట అనునవి ఆ విద్యలోని పాఠాలు.

నేటి విద్యార్థి ముందున్న అంగడి వేరు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు మార్గంలోని ఊళ్లు. ఒకప్పుడు మంచి నిఘంటువు కావలెనన్నా, శాస్త్ర విద్యార్థికి తగిన కాలిక్యులేటరు కావలెనన్నా ఆ రైలెక్కి ఇటు బెంగుళూరుకో, అటు అనంతపురానికో పోవలసి వచ్చేది. నేడు ఆ వస్తువులు సెల్‌ఫోను తెరమీద ఎంచుకొన్నంతనే ఇంటి గుమ్మం వద్దకు వస్తున్నవి. 2007లో బెంగుళూరులో పుస్తకాలమ్మే సంస్థగా ఫ్లిప్‌కార్ట్ ప్రారంభమైనది. 2013లో అమెజాన్ మన దేశంలో తన విక్రయ వేదికను తెరచినది. 2015లో బెంగుళూరులోనే మీషో పుట్టినది. 2016లో యూపీఐ వచ్చిన తరువాత బ్యాంకు గడప తొక్కకుండానే చెల్లింపు సాధ్యమైనది. మన ఊళ్లకు అందుబాటులోనే ఉన్న మహానగరం ఈ కొత్త వ్యాపారానికి పుట్టినిల్లు కావడం గమనింపదగిన విషయం.

ఇందువలన సౌకర్యం పెరిగినది. దానితోపాటు ఒక ప్రమాదమూ పెరిగినది. ఈ కొత్త అంగడిలో సరకు చేతికి తగలదు. అమ్మువాని ముఖం కనబడదు. కొనువాడు నోరు తెరవకముందే ధర తగ్గించినట్లు తెరమీద కనబడుతుంది. బేరమాడే పనిని అమ్మువాడే చేసిపెట్టినపుడు కొనువాని జాగరూకత మందగించుట సహజం. మన కళాశాల విద్యార్థులలో పలువురు మగ్గం నేసేవారి, పట్టుదారం తీసేవారి, చిరువ్యాపారుల, కూలీల బిడ్డలు. వారి చేతిలోని వేయి రూపాయలు ఎవరో ఒకరి రెండు మూడు దినాల కష్టం. ఆ వేయి రూపాయలు సద్వినియోగమగునా, తెరమీది అంకెల మాయలో కరిగిపోవునా అన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

అంగడి భాషలో అధిక భాగం ఉర్దూ ద్వారా తెలుగులోనికి వచ్చినదే. దుకాణం, బజారు, ఖరీదు, రాయితీ, కిస్తు, నకిలీ, రశీదు, వాపసు - ఇవన్నీ ఆ మార్గాన వచ్చి మన ఇంటి మాటలైనవి. ఈ రెండు భాషలకు నిలయమైన కళాశాలలో ఆ మాటలనే మెట్లుగా చేసికొని విషయాన్ని పరిశీలించుట సముచితమని భావిస్తున్నాను.

ఖరీదు

ఫార్సీలోను ఉర్దూలోను 'ఖరీద్' అనగా కొనుట. అది ఒక పని పేరు. తెలుగులోనికి వచ్చేసరికి అది వస్తువు వెలకు పేరైనది. విద్యార్థి మొదట చేయవలసినది ఈ రెండర్థాలను మరల కలుపుకొనుట. వస్తువుపై అచ్చువేసిన అంకె ఖరీదు కాదు. కొనుట అను పని ముగిసేసరికి మన చేతినుండి వెళ్లిన మొత్తమే ఖరీదు.

ఒక ఊహాత్మకమైన ఉదాహరణ తీసికొందము. పుస్తకాల సంచి ఒకటి ఎమ్మార్పీ రూ. 2,000, నూటికి 60 తగ్గింపు, ఇపుడు రూ. 800 మాత్రమే అని తెరమీద ఉన్నదనుకొందము. చెల్లింపు పుట వరకు వచ్చేసరికి రవాణాకు రూ. 60, సంస్థ రుసుముగా రూ. 9, సరకు అందిన తరువాత నగదు చెల్లించునట్లయితే మరొక రూ. 10 చేరినవి. మొత్తం రూ. 879. అట్టి సంచినే మన ఊరి అంగడిలో బేరమాడి రూ. 850కి కొనగలిగినచో, తెరమీద కనబడిన రూ. 1,200 లాభం వాస్తవంలో రూ. 29 నష్టం. పైగా జిప్పు తెగినపుడు ఊరి అంగడివాడు సరిచేసి ఇచ్చునన్న ధీమా కూడ ఒక విలువే.

ఇక్కడ ఎమ్మార్పీ అను మాటను సరిగా అర్థం చేసికొనవలెను. తూనికలు, కొలతలకు సంబంధించిన 2009 నాటి చట్టం, దాని క్రింది 2011 నాటి ప్యాకేజీ సరకుల నిబంధనల ప్రకారం, అన్ని పన్నులతో కలిపి అంతకు మించి అమ్మరాదని గీచిన గీత ఎమ్మార్పీ. 2018 జనవరి 1 నుండి ఆన్‌లైన్ విక్రయ వేదికలు కూడ దానిని తెరమీద చూపవలెనన్న నియమం అమలులోనికి వచ్చినది. కాని ఆ ధరకు ఎవరైనా కొంటున్నారని దాని అర్థం కాదు. ఆ గీతను ఎంత ఎత్తున గీయవలెనన్నది చాలా వస్తువుల విషయంలో తయారీదారుని ఇష్టం. గీతను పైకి జరిపి, అక్కడినుండి దిగినట్లు చూపుట సులభం. కావున తగ్గింపును ఎమ్మార్పీ నుండి లెక్కించుట నిష్ప్రయోజనం. అదే వస్తువు మరొక వేదికమీద, మన ఊరి దుకాణంలో ఎంతకు లభిస్తున్నది, గత మూడు నెలలలో ఎంతకు అమ్ముడైనది అన్న వానితోనే పోల్చవలెను. ధరల చరిత్రను గీతలుగా చూపే కీపా, బైహట్‌కే వంటి సాధనాలు ఇందుకు ఉపకరిస్తవి.

మరొక పాఠం, కొలతకు ధర కట్టుట. 172 పుటల నోటుపుస్తకాలు ఆరు కలిపి రూ. 300 అని, 40 శాతం తగ్గింపు అని ఒకచోట ఉన్నదనుకొందము. 240 పుటల పుస్తకాలు నాలుగు, తగ్గింపు మాట ఏదియు లేకుండ, రూ. 220కి మరొకచోట ఉన్నవనుకొందము. మొదటిదానిలో పుటకు సుమారు 29 పైసలు, రెండవదానిలో 23 పైసలు. కాగితపు నాణ్యత సమానమైనచో రెండవదే చవక. 2025 సెప్టెంబరు 22 నుండి నోటుపుస్తకాలపైన, పెన్సిళ్లపైన, రబ్బర్లపైన జీఎస్టీ పూర్తిగా తొలగింపబడినది. ఆ ఉపశమనం తమకు అందుతున్నదో లేదో రశీదులో చూచుకొనుట విద్యార్థుల బాధ్యత.

రాయితీ

'రాయితీ' అన్న మాటకు మూలమైన అరబ్బీ ధాతువుకు కాచుట, సంరక్షించుట అని అర్థం. మన 'రైతు' కూడ ఆ ధాతువునుండి వచ్చినదే. ఆ అర్థాన్ని గుర్తుంచుకొన్నచో, కొనువానిని కాపాడునదే రాయితీ అని, అతనిని ఆకర్షించి అనవసరమైనది కొనిపించునది రాయితీ కాదని తేటపడుతుంది.

తెరమీద కనబడు తగ్గింపులలో కొన్ని గణితపు చమత్కారాలు. 'నూటికి 80 వరకు' అన్నపుడు అసలు సంగతి 'వరకు' అన్న మాటలో ఉన్నది. ఒక్క వస్తువుకు 80 ఇచ్చి తక్కినవానికి 10 ఇచ్చినను ఆ ప్రకటన అబద్ధం కాదు. '50 శాతం, దానిపై మరి 20 శాతం' అన్నపుడు మొత్తం 70 కాదు. వేయి రూపాయల వస్తువు మొదట 500 అగును. ఆ 500లో 20 శాతం పోగా 400 అగును. అనగా తగ్గినది 60 శాతమే. 'వంద రూపాయలు క్యాష్‌బ్యాక్' అన్నపుడు ఆ వంద బ్యాంకు ఖాతాకు వచ్చునా, మరల అక్కడనే ఖర్చు చేయవలసిన కూపనుగా వచ్చునా అని చదువవలెను. 'ఐదు వందలు కొన్నవారికి రవాణా ఉచితం' అన్నపుడు, రూ. 380 విలువైన పుస్తకంతో సరిపోవువాడు నలభై రూపాయల రవాణా తప్పించుకొనుటకు నూట ఇరవై రూపాయల అక్కరలేని వస్తువు కొనుట తరచుగా జరిగే పొరపాటు.

మరికొన్ని చమత్కారాలు గణితానికి కాక మనస్సుకు సంబంధించినవి. తెరమీద గడియారం వెనుకకు తిరుగుతూ ఉండుట, 'రెండే మిగిలినవి' అని తొందరపెట్టుట, అడుగని వస్తువును బుట్టలో చేర్చుట, చివరి పుట వరకు పూర్తి ధరను దాచుట, వద్దన్నవానిని చిన్నబుచ్చునట్లు మాటలు వ్రాయుట - ఇట్టి 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొని నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలను వెలువరించినది. ప్రభుత్వమే జాబితా వేయవలసి వచ్చినదనగా అవి ఎంత వ్యాపించినవో ఊహింపవచ్చును. పెద్ద అమ్మకాల రోజున తొందర ఎంత అనర్థదాయకమో 2014 అక్టోబరు 6న దేశం చూచినది. ఆనాడు ఫ్లిప్‌కార్ట్ జరిపిన మహా విక్రయంలో సరకులు త్వరగా అయిపోవుట, ధరలు మారుట, ఆర్డర్లు రద్దగుట వలన కొనుగోలుదారులు అసంతృప్తి చెందగా, మరునాడే సంస్థాపకులు లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పినారు.

ఇక నిజమైన రాయితీలు లేకపోలేదు. విద్యార్థి అన్న పేరుకే లభించునవి కొన్ని కలవు. కళాశాల పేర ఈమెయిలు చిరునామా ఉన్నచో, అర్హతగల సంస్థల విద్యార్థులకు మైక్రోసాఫ్ట్ వారి వర్డ్, ఎక్సెల్ మొదలగునవి వెల లేకుండ లభిస్తవి. కంప్యూటరు విద్యార్థులకు గిట్‌హబ్ సంస్థ సాధనాల సంపుటిని ఉచితంగా ఇస్తున్నది. యాపిల్ వంటి కంపెనీలు విద్యార్థులకు ప్రత్యేక ధర నిర్ణయించినవి. ఇట్టి చిరునామా లేనివారికి లిబ్రేఆఫీస్ ఉన్నది. అది అందరికీ ఉచితం.

అంతకంటె ముఖ్యమైనది, కొననవసరం లేనిదానిని గుర్తించుట. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు వారి వెబ్‌సైటులోనే ఉచితంగా ఉన్నవి. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించు జాతీయ డిజిటల్ గ్రంథాలయం ఎల్లరకు తెరచి ఉన్నది. ఐఐటీలు, బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటెల్ పాఠాలు, 2017లో వచ్చిన స్వయం పాఠాలు వినుటకు రుసుము లేదు. ధ్రువపత్రం కోరి పరీక్ష వ్రాయువారే చెల్లింపవలెను. ఇవి ఉండగా అవే పాఠాలను అర్ధ ధరకు ఇస్తున్నామన్న ప్రకటనకు లొంగి వేలు చెల్లించువానికి ఏ కూపనూ మేలు చేయజాలదు. పుస్తకం కావలసినపుడు మొదట గ్రంథాలయం, పిదప పై తరగతి విద్యార్థి వద్దనున్న పాత ప్రతి, అటు పిమ్మట బెంగుళూరు అవెన్యూ రోడ్డు, హైదరాబాదు అబిడ్స్ ఆదివారపు సంత వంటి పాత పుస్తకాల బజార్లు, చివరకు ఆన్‌లైన్ - ఇదీ క్రమం.

కిస్తు

అరబ్బీలో 'కిస్త్' అనగా న్యాయం, న్యాయమైన వాటా. దానినుండియే వాయిదా అన్న అర్థం వచ్చినది. నేడు ల్యాప్‌టాప్ కొనబోవు ప్రతి విద్యార్థికి 'ఖర్చులేని ఈఎంఐ' అన్న మాట ఎదురగుచున్నది. అది మూలార్థానికి తగినట్లు న్యాయంగా ఉన్నదో లేదో పరిశీలించుట అవసరం.

వడ్డీ లేని వాయిదా అన్నది వాస్తవంలో లేదని, వడ్డీని వేరే రుసుముల రూపంలో దాచుట తగదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసినది. నేటి 'ఖర్చులేని' వాయిదాలో బ్యాంకు వడ్డీ తీసికొనుట మానదు. ఆ వడ్డీకి సమానమైన మొత్తాన్ని అమ్మువాడు ధరలో తగ్గించును. రూ. 36,000 ల్యాప్‌టాప్‌పై ఆరు నెలల వడ్డీ రూ. 1,800 అనుకొందము. ఆ 1,800 ధరలో తగ్గును. మరల వడ్డీగా చేరును. అంతవరకు సరి. కాని ఆ వడ్డీపై 18 శాతం జీఎస్టీ రూ. 324, బ్యాంకు రుసుము రూ. 199, దానిపై జీఎస్టీ సుమారు రూ. 36, వెరసి రూ. 559 కొనువాడే భరించును. ఒక వాయిదా తప్పినచో అపరాధ రుసుము, వడ్డీ వేరు. ఒకేసారి చెల్లించువారికి ఇచ్చు తగ్గింపును కోల్పోయినచో అది మరొక నష్టం. ధార్మిక నియమాన్ని అనుసరించి వడ్డీకి దూరంగా ఉండదలచిన విద్యార్థులు, వారి తల్లిదండ్రులు గమనింపవలసినది ఏమనగా, పేరు ఏదైనను ఈ ఒప్పందంలో వడ్డీ ఉన్నది; బ్యాంకు పట్టికలో అది వడ్డీగానే నమోదగును.

సెల్‌ఫోనులో క్షణాలమీద అప్పు ఇచ్చెదమను యాప్‌ల విషయంలో మరింత జాగరూకత వలయును. రుణంపై పడు అన్ని ఖర్చులను ఒకే పత్రంలో ముందుగానే తెలుపవలెనని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆ పత్రం చూపనివాడు, మన ఫోనులోని పేర్ల జాబితాను అడుగువాడు ఇచ్చు అప్పు ముట్టదగినది కాదు.

అప్పు చేయుటకంటె, ఇతరులు వాడి కంపెనీలు మరల బాగుచేసి హామీతో అమ్ము ల్యాప్‌టాప్ కొనుట మేలు. అయితే విండోస్ 10కి సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11ను భరింపలేని పాత యంత్రం అతి చవకగా వచ్చుటకు అదియే కారణం కావచ్చును. అట్టిదానిని కొన్నచో ఉచితంగా లభించు లినక్సు వేసికొని వాడుకొను సిద్ధత ఉండవలెను.

నకిలీ

'నక్ల్' అనగా అనుకరణ. ఉర్దూలో ఒక లోకోక్తి కలదు: 'మహంగా రోయే ఏక్ బార్, సస్తా రోయే బార్ బార్.' ప్రియమైనది కొన్నవాడు ఒక్కసారి ఏడ్చును, చవకది కొన్నవాడు మాటిమాటికి ఏడ్చునని భావం. ఇది అన్ని వస్తువులకు వర్తింపకపోయినను, ప్రాణరక్షణకు సంబంధించినవానికి తప్పక వర్తిస్తుంది. ఫోను చార్జరుకు, పవర్ బ్యాంకుకు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు సంఖ్య ఉండవలెను. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూచుకొనవచ్చును. 2021 జూన్ 1 నుండి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్‌ను ద్విచక్ర వాహనదారులకు అమ్ముట నిషిద్ధం. పెనుకొండ వద్ద 44వ జాతీయ రహదారిపై లారీల నడుమ మోటారుసైకిలుపై పోవు విద్యార్థి హెల్మెట్‌లో మూడు వందలు మిగుల్చుకొనుట పొదుపు కాదు. పాత ఫోను కొనునపుడు *#06# నొక్కి వచ్చు సంఖ్యను, కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రారంభించిన సంచార్ సాథీలో పరిశీలించినచో అది దొంగ సొత్తుగా నమోదైనదేమో తెలియును.

సరకేకాక దుకాణమూ నకిలీది కావచ్చును. ప్రసిద్ధ సంస్థ పేరులో ఒక అక్షరం మార్చి వెబ్‌సైటు పెట్టుట, తొంభై శాతం తగ్గింపు చూపి ముందుగా డబ్బు వసూలు చేయుట, ప్రభుత్వం ఉచితంగా ల్యాప్‌టాప్‌లు ఇస్తున్నదని లింకు పంపుట నేటి మోసగాండ్ర పద్ధతులు. ఒక్క సూత్రం గుర్తుంచుకొన్నచో సగం ప్రమాదం తప్పును: యూపీఐ పిన్ డబ్బు ఇచ్చుటకే, డబ్బు పుచ్చుకొనుటకు పిన్ కొట్టనక్కరలేదు, క్యూఆర్ గుర్తు స్కాన్ చేయనక్కరలేదు. మోసపోయినవారు సిగ్గుపడి ఊరకుండక వెంటనే 1930కి ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేసిన అంతగా ఆ డబ్బు ఆగే అవకాశం కలదు.

మన ప్రాంతానికి ప్రత్యేకించిన నకిలీ ఒకటి ఉన్నది. అది ధర్మవరం పట్టు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చీర పేరును కొన్ని వందల రూపాయల మరమగ్గం చీరలకు తగిలించి అమ్ముట తెరమీద కానవస్తున్నది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం నిర్దేశించిన రకాల చీరలను మగ్గంపైననే నేయవలెను. మగ్గంపై రోజుల తరబడి కూర్చుని నేసిన చీరను, అసలు పట్టు కొని నేసిన చీరను, ఆ ధరకు ఇచ్చుట ఎవరికీ సాధ్యం కాదు. అక్క పెండ్లికి అట్టి చీర తెప్పించుకొని రాయితీ లభించినదని సంతోషించు విద్యార్థి, తన ప్రక్క బెంచీలో కూర్చున్న నేతవాని కుమారుని ఫీజులో కోత పెట్టుచున్నట్లే. పైగా తానును మోసపోవుచున్నాడు. పట్టుకు 2004 నుండి సిల్క్ మార్కు, చేనేతకు 2006 నుండి హ్యాండ్‌లూమ్ మార్కు ఉన్నవి. అంచునుండి లాగిన ఒక పోగును కాల్చినచో పట్టు వెంట్రుక కాలిన వాసన వచ్చి నలిపినంతనే బూడిదగును. పాలిస్టరు కరగి గట్టి ఉండ కట్టును. తెరమీద కొనదలచినవారికి కేంద్ర జౌళి శాఖ 2023లో నెలకొల్పిన ఇండియా హ్యాండ్‌మేడ్ వేదిక ఉన్నది. ధర్మవరం ప్రక్కనే ఉన్న మనకు అంతకంటె దగ్గరి దారి, నేతవాని ఇంటి దారి.

రశీదు, వాపసు

చూడని వస్తువు కొన్నవానికి తిరిగి ఇచ్చు హక్కు ఉండవలెనన్న ఆలోచన నేటిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం కొనుగోలును మరల రద్దు చేసికొనుటకు వర్తకులకు ఒక రాత్రి, సేద్యగాండ్రకు మూడు రాత్రులు, పశుపాలకులకు ఐదు రాత్రులు గడువు ఇచ్చినది. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో 'ఖియార్' అను అధ్యాయం కలదు. లోపం బయటపడినపుడు వస్తువును తిరిగి ఇచ్చు హక్కు ఒకటి; హనఫీ శాస్త్రజ్ఞుల మతంలో, చూడకుండ కొన్నవానికి చూచిన తరువాత కాదనుటకు గల హక్కు మరొకటి. రెండు సంప్రదాయాలు వేరు వేరు దారులలో ఒకే న్యాయాన్ని చేరుకొన్నవి.

నేటి చట్టం ఆ న్యాయాన్నే వ్రాతలో పెట్టినది. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం 2020 జూలై 20న అమలులోనికి రాగా, మూడు దినాలకే ఈ-కామర్స్ నిబంధనలు వెలువడినవి. వాని ప్రకారం లోపమున్న సరకును, నకిలీ సరకును, ప్రకటనలో చూపినదానికి భిన్నమైన సరకును తిరిగి తీసికొనుటకు అమ్మువాడు నిరాకరింపరాదు. ప్రతి విక్రయ వేదికకు ఫిర్యాదుల అధికారి ఉండవలెను. అతడు ఫిర్యాదు అందినదని 48 గంటలలో తెలుపవలెను, నెల లోపల పరిష్కరింపవలెను. అయితే రంగు నచ్చలేదన్న కారణానికి వాపసు లభించుట ఆయా సంస్థల నియమాలపై ఆధారపడినది. కొనుటకు ముందే దానిని చదువవలెను.

హక్కు నిలుచుటకు రశీదు ఆధారం. పార్సెలు విప్పునపుడు ఫోనులో వీడియో తీయుట, బిల్లును, ప్రకటన పుటను భద్రపరచుట నేర్చుకొనవలెను. సంస్థ స్పందింపనిచో జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు తెలుగులో కూడ చెప్పుకొనవచ్చును. అప్పటికి పరిష్కారం కానిచో రెండేండ్లలోపల జిల్లా కమిషనుకు పోవచ్చును. కొనువాడు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయు అవకాశం 2019 చట్టం ఇచ్చినది. చెల్లించిన వెల ఐదు లక్షలు మించనిచో రుసుము లేదు. ఐదు వందల రూపాయల కొరకు ఇంత శ్రమ ఏలయని అడుగవచ్చును. ఎవరూ అడుగరన్న ధీమాతోనే మోసం చేయువాడు ఐదు వందల వంతున లక్షలు గడిస్తున్నాడు.

కళాశాల కమిటీ వారికి మనవి

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క విద్యార్థి చేయదగినది. పదిమంది కలిసి చేయదగినది అంతకంటె ఎక్కువ. 1844 డిసెంబరు 21న ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది కార్మికులు, వారిలో నేతపనివారు పలువురు, కొద్దికొద్దిగా కూడబెట్టిన సొమ్ముతో చిన్న దుకాణం తెరచినారు. పిండి, వెన్న, చక్కెర, ఓట్ల పిండి, కొవ్వొత్తులు - ఇవియే సరకులు. కల్తీ లేని సరకు, సరియైన తూకం, వచ్చిన లాభాన్ని ఎవరు ఎంత కొన్నారో ఆ మేరకు పంచుట వారి నియమాలు. ప్రపంచమంతట వ్యాపించిన సహకార దుకాణాలకు అది మాదిరి అయినది. నేతపనివారు ఆనాడు చేయగలిగినది నేతపనివారి ఊళ్లలోని కళాశాల నేడు చేయలేకపోదు.

కావున ఈ క్రింది సూచనలను కమిటీ వారు సానుభూతితో పరిశీలింప ప్రార్థిస్తున్నాను. మొదటిది, ప్రతి విద్యార్థికి కళాశాల పేర ఈమెయిలు చిరునామా. వేల రూపాయల సాఫ్ట్‌వేరు దానితోనే లభించును. రెండవది, వేలాది ఈ-గ్రంథాలను, పత్రికలను అందించు ఎన్-లిస్ట్ సభ్యత్వం గ్రంథాలయం ద్వారా అందరికీ తెలియునట్లు చేయుట. మూడవది, పై తరగతికి పోవు విద్యార్థులు తమ పుస్తకాలను ఉంచి పోవు పుస్తక నిధి. నాలుగవది, నోటుపుస్తకాలు, కాలిక్యులేటర్లు, ప్రయోగశాల దుస్తులు టోకున తెప్పించి అమ్ము సహకార భాండారం. టోకు ధర ఏ పండుగ అమ్మకపు తగ్గింపుకూ తీసిపోదు; అందుకు గడియారం చూచి తొందరపడనక్కరలేదు. ఐదవది, వారానికొక గంట వినియోగదారుల సలహా బల్ల. వాణిజ్యశాస్త్ర విద్యార్థులే దానిని నడుపవచ్చును. వేయి రూపాయలకు మించినది కొనబోవువారు అక్కడ లెక్క సరిచూచుకొందురు; నష్టపోయినవారు ఫిర్యాదు వ్రాయించుకొందురు.

విద్యార్థినీ విద్యార్థులారా! ఇకమీదట ఏదైనా కొనబోవునపుడు ఐదు ప్రశ్నలు వేసికొనండి. ఈ వస్తువు నాకు అవసరమా? ఉచితంగా, ఎరువుగా, పాతదిగా లభించునా? అన్ని రుసుములతో కలిపి ఎంత? ఇదే వస్తువు మన ఊరిలో ఎంత? లోపముంటే ఎవరిని, ఎన్నాళ్లలోపల అడుగగలను? ఈ ఐదింటికి కాగితంపై సమాధానం వ్రాసి, ఒక రాత్రి నిద్రించి, మరునాడు కొనండి. 'పిండి కొద్దీ రొట్టె' అన్నారు పెద్దలు. ఆ పిండి మన తల్లిదండ్రుల చెమట అని గుర్తున్నంతకాలం, తెరమీది అంకె ఏదైనను మన లెక్క మనమే కట్టుకొనగలము.